పోస్ట్‌గ్రెస్ 8.4 నుంచి 17కి వెళ్లడం శనివారం రాత్రి పనేనా?

ప్రశ్న క్లుప్తంగా: విశాఖలో కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు. 2012లో పెట్టిన సర్వర్, సెంటాస్ 6 లినక్స్, పోస్ట్‌గ్రెస్ 8.4 డేటాబేస్, డేటా 140 జీబీ దాకా ఉంది. జావా 6 మీద నడిచే టామ్‌క్యాట్ అప్లికేషన్, పక్కన కొన్ని పీహెచ్‌పీ పేజీలు. చేసిచ్చిన వాళ్లు ఇప్పుడు అందుబాటులో లేరు. సారు 17కి వెళ్లమంటున్నారు, ముందు ప్లాన్ రాసివ్వమన్నారు. శనివారం రాత్రి పీజీ అప్‌గ్రేడ్ (పాత డేటాని కొత్త వెర్షన్‌లోకి మార్చే టూల్) నడిపితే ఆదివారం పొద్దుటికల్లా అయిపోతుందా?

అవదండి. పీజీ అప్‌గ్రేడ్‌తో అయితే అసలు మొదలే కాదు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి ఆ టూల్ 9.2 కన్నా పాత సర్వర్‌ని ముట్టుకోదు. డేటాని ఫైలుగా బయటికి తీసే పీజీ డంప్‌దీ అదే కథ. 15, 16, 17 వెర్షన్లలో వచ్చే పీజీ డంప్ మీ 8.4ని చూడగానే వెర్షన్ సరిపోలేదని చెప్పి ఆగిపోతుంది. మీకు మిగిలిన దారి 14. ఆ వెర్షన్ పీజీ డంప్ 8.0 వరకు వెనక్కి చదవగలదు. దాంతో డంప్ తీసి 17లోకి ఎక్కించాలి. మధ్యలో 14 సర్వర్ నడపాల్సిన పనేమీ లేదు, దాని క్లయింటు ప్యాకేజీ ఒక్కటి ఉంటే చాలు. "పనిలో పనిగా కొన్నాళ్లు 14 దగ్గర ఆగుదాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 14కి సపోర్ట్ 2026 నవంబరు దాకానే. 17కి 2029 నవంబరు దాకా ఉంది. ఒకే నొప్పి రెండుసార్లు పడటం దేనికి?

మీ పాత వాళ్లు 8.4ని ఏరికోరి ఎంచుకుని ఉండరు లెండి. సెంటాస్ 6లో యమ్ ఇన్‌స్టాల్ కొడితే వచ్చేది అదే. ఆ రోజుల్లో పెట్టిన సర్వర్లలో చాలావాటి సంగతి ఇంతే. 8.4కి సపోర్ట్ 2014 జులైలో ఆగింది, సెంటాస్ 6కి 2020 నవంబరులో. కాబట్టి మీరు మార్చబోయేది డేటాబేస్ ఒక్కటే అనుకుంటే లెక్క తప్పుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్, జావా, డ్రైవరు, పీహెచ్‌పీ, అన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తాయి.

ఇక ప్లాన్ సంగతి. నా మాట వింటే ప్లాన్ తర్వాత రాయండి. ఈ వారమే ఒక కొత్త మిషన్ మీద 17 పెట్టి, మీ డేటా కాపీని అందులోకి ఎక్కించి చూడండి. ఎక్కడెక్కడ ఆగిందో ఆ లాగ్ ఫైలే మీ ప్లాన్‌కి మొదటి ప్రతి. ఇన్నేళ్లుగా ఎవరెవరో చేతులు పెట్టిన డేటాబేస్‌లో ఏముందో కూర్చుని ఊహించి రాసిన ఎక్సెల్ షీటు మీటింగులో చూపించుకోవడానికి బాగుంటుంది, ఆ రాత్రికి మాత్రం పనికిరాదు. సారుకి కూడా ఇదే చెప్పండి: ముందు ట్రయల్, తర్వాత తేదీ.

ట్రయల్ అంటే పాత సర్వర్ మీద ఏదో ఇన్‌స్టాల్ చేయమని కాదు. దాన్ని వీలైనంతవరకు కదిలించకండి, రీబూట్ అసలే చేయకండి. 2012 నాటి డిస్కులు ఆగితే మళ్లీ తిరుగుతాయన్న గ్యారంటీ లేదు. అందులోనూ మన ఊరి ఉప్పుగాలికి మదర్‌బోర్డు, కనెక్టర్లు ఎలా తుప్పు పడతాయో బీచ్ వైపు ఆఫీసులున్న వాళ్లకి చెప్పక్కర్లేదు. కొత్త మిషన్ మీద 14 క్లయింటు పెట్టుకుని, ఆఫీసు నెట్‌వర్క్‌లోనే 5432 పోర్టు మీదుగా పాతదాన్ని చదవండి. రాకీ 9 లాంటి కొత్త లినక్స్ నుంచి సెంటాస్ 6కి ఎస్ఎస్‌హెచ్ చేయబోతే చాలాసార్లు కనెక్షనే దొరకదు. పాతది వాడే ఎస్‌హెచ్ఏ-1 సంతకాలని కొత్తది ఒప్పుకోదు. దానితో కుస్తీ పట్టకుండా నేరుగా డేటాబేస్ పోర్టు వాడుకోవడం సుఖం.

ఈ మొదటి డంప్‌తో ఇంకో లాభం ఉంది. పాత డిస్కులో ఏదైనా పేజీ పాడై ఉంటే అది బయటపడేది ఇక్కడే. 9.3కి ముందు డేటా చెక్‌సమ్‌లు (పేజీ పాడైతే పట్టించే సరిచూపు అంకెలు) లేవు కాబట్టి, ఎవరూ తెరవని 2015 నాటి టేబుల్‌లో ఒక మూల కుళ్లిపోయినా ఇన్నాళ్లూ ఎవరికీ తెలిసుండదు. ఇన్‌వాలిడ్ పేజ్ హెడర్ అనో, టోస్ట్ వేల్యూకి మిస్సింగ్ చంక్ అనో ఎర్రర్ వస్తే అప్‌గ్రేడ్ మాట పక్కన పెట్టి ముందు ఆ టేబుల్ సంగతి చూడండి. కొత్త 17ని ఇనిట్‌డీబీతో మొదటిసారి తయారుచేసేటప్పుడు డేటా చెక్‌సమ్స్ ఆప్షన్ మాత్రం మర్చిపోకండి. 17లో అది దానంతట అది ఆన్ అవదు. 18 నుంచే డిఫాల్ట్‌గా వస్తోంది.

డంప్‌ని కస్టమ్ లేదా డైరెక్టరీ ఫార్మాట్‌లో తీయండి. యూజర్లు, పాస్‌వర్డ్‌లు అందులో రావు, వాటికి పీజీ డంప్ఆల్‌ని గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా నడపాలి. రిస్టోర్ చేసేటప్పుడు ఎర్రర్లన్నీ ఒక ఫైల్లోకి మళ్లించండి. మొదటిసారి వందల లైన్లు వచ్చినా కంగారు పడొద్దు, అందులో ముప్పాతిక భాగం ఒకే కారణానికి పదేపదే వచ్చేవే ఉంటాయి.

ఆ కారణం సాధారణంగా కాంట్రిబ్ మాడ్యూల్స్, అంటే పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే అదనపు ఫంక్షన్ల కట్టలు. ఎక్స్‌టెన్షన్ అన్న పద్ధతి 9.1లో వచ్చింది. 8.4లో పీజీక్రిప్టో, టేబుల్‌ఫంక్, డీబీలింక్ లాంటివి విడివిడి ఫంక్షన్లుగా పబ్లిక్ స్కీమాలో పడి ఉంటాయి. డంప్ వాటిని కూడా మీ సొంత ఫంక్షన్లనుకుని మోసుకొస్తుంది. 17లో ఆ లైబ్రరీ పేర్లు, లోపలి ఫంక్షన్లు మారిపోయి ఉంటాయి కాబట్టి ఎర్రర్లు గుట్టలుగా వస్తాయి. మందు సులువు: పీజీ రిస్టోర్‌లో లిస్ట్ ఆప్షన్‌తో జాబితా తీసి, ఆ ఫంక్షన్ల లైన్ల ముందు సెమీకోలన్ పెట్టి తప్పించండి. రిస్టోర్‌కి ముందే కొత్తదాంట్లో క్రియేట్ ఎక్స్‌టెన్షన్ కొట్టి ఉంచండి. ఆ జాబితా ఫైలు జాగ్రత్తగా దాచుకోండి, ప్రతి రిహార్సల్‌కీ అదే కావాలి.

ఇప్పుడు అసలు తలనొప్పికి వద్దాం. పాత సర్వర్‌లో షో సర్వర్ ఎన్‌కోడింగ్ అని ఒక్కసారి అడగండి, అక్షరాలని ఏ పద్ధతిలో బైట్లుగా దాస్తోందో చెబుతుంది. యూటీఎఫ్-8 అని వస్తే మీ అదృష్టం, ఈ కింది మూడు పేరాలు దాటేయొచ్చు. ఎస్‌క్యూఎల్ ఆస్కీ అని వస్తే మాత్రం కాస్త కాఫీ తాగి వచ్చి చదవండి.

ఎస్‌క్యూఎల్ ఆస్కీ అంటే డేటాబేస్ ఏ ఎన్‌కోడింగూ పట్టించుకోదని అర్థం. ఎవరు ఏ బైట్లు పంపితే అవే దాచిపెడుతుంది. ఇనిట్‌డీబీ చేసిన రోజు లొకేల్ సీ అని ఉంటే అలా తయారవుతుంది, చాలాచోట్ల ఎవరికీ తెలియకుండానే. పదేళ్లు పోయాక చూస్తే ఒకే కాలమ్‌లో మూడు రకాల సరుకు ఉంటుంది. బ్రౌజర్ నుంచి వచ్చిన అసలైన యూటీఎఫ్-8 తెలుగు ఒకటి. విండోస్ మిషన్లలో టైప్ చేసినప్పుడు పడిన డాష్‌లు, వంకర కొటేషన్లు రెండోది. మూడోది మనకే ప్రత్యేకం: అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టి కాపీ చేసి పేస్ట్ చేసిన పేర్లు. స్క్రీన్ మీద ఆ ఫాంటు పెడితే తెలుగులా కనిపిస్తాయి, బైట్లుగా చూస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. లారీ డ్రైవర్ల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులో ఎంటర్ చేసే పేజీ ఏదైనా ఉంటే ఈ మూడూ తప్పకుండా దొరుకుతాయి. వీటన్నిటినీ యూటీఎఫ్-8 డేటాబేస్‌లోకి ఎక్కించబోతే రెండో రకం దగ్గర ఇన్‌వాలిడ్ బైట్ సీక్వెన్స్ అని ఆగుతుంది. మూడో రకంలో కొన్ని ఆగకుండా చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతాయి. ఆ రెండింట్లో ఎక్కువ ప్రమాదం మూడోదే.

ఇంకో మెలిక కూడా ఉంది. ఎస్‌క్యూఎల్ ఆస్కీలో వార్‌క్యార్ 40 అంటే 40 బైట్లు. తెలుగులో ఒక్కో సంకేతానికి, అంటే హల్లుకి, గుణింతానికి, పొల్లుకి విడివిడిగా, మూడేసి బైట్లు. "సత్యనారాయణమూర్తి" అన్న పేరులో అలాంటివి 16 ఉన్నాయి, అంటే 48 బైట్లు. పీహెచ్‌పీ పేజీలో సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్‌తో 40 బైట్ల దగ్గర కోసి పెట్టి ఉంటే, "సత్యనారాయణమూర" దాకా 39 బైట్లు సరిగ్గా పడి, చివర పొల్లులోంచి ఒక్క విరిగిన బైట్ వేలాడుతూ ఉంటుంది. ఆ ఒక్క బైట్ మీ 140 జీబీ రిస్టోర్‌లో ఆ టేబుల్ మొత్తాన్ని ఆపేస్తుంది, ఎందుకంటే కాపీ కమాండ్ ఒక్క లైను చెడినా టేబుల్ అంతా వదిలేస్తుంది. కాబట్టి ముందే వెతకాలి. పాతదాని కాపీ మీద ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి: కాలమ్ విలువని యూటీఎఫ్-8గా మార్చడానికి ప్రయత్నించి, ఎక్సెప్షన్ వస్తే ఫాల్స్ ఇవ్వాలి. టెక్స్ట్ కాలమ్స్ అన్నిటి మీదా అది నడిపి, చెడిన వరుసల ఐడీలు ఒక టేబుల్‌లోకి తీసుకోండి. పరీక్ష కాపీ మీద పెట్టొచ్చు గానీ, సరిదిద్దడం మాత్రం లైవ్ పాత డేటాబేస్‌లోనే, కటోవర్‌కి (పాతది వదిలి కొత్తదానికి మారే రాత్రికి) వారాల ముందే చేయాలి. ఆ రాత్రికి శుభ్రమైన డేటా ఉండాలి.

అను ఫాంటు పేర్లకి కన్వర్టర్లు ఉన్నాయి కానీ వాటిని నమ్మి లక్ష వరుసలు ఒకేసారి మార్చకండి. ఆ పేజీ వాడే గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకుని కొన్ని వందలు చూపించండి. "ఇది మన గాజువాక అప్పలనాయుడు గారండి" అని ఆయన చెప్పినంత కచ్చితంగా ఏ స్క్రిప్టూ చెప్పలేదు.

రిస్టోర్ ఎర్రర్లు లేకుండా పూర్తయ్యాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. ఎర్రర్ ఇవ్వకుండా జవాబు మార్చేవి అక్కడ నుంచే మొదలవుతాయి.

8.4లో మామూలు కొటేషన్లలో బ్యాక్‌స్లాష్‌కి ప్రత్యేక అర్థం ఉంది. 9.1 నుంచి లేదు, అది కూడా మామూలు అక్షరమే. విండోస్ ఫోల్డర్ పాత్‌లు డేటాబేస్‌లో పెట్టే కోడ్ ఉంటే, పాత ప్రోగ్రామర్ జాగ్రత్తపడి ప్రతి బ్యాక్‌స్లాష్‌నీ రెండుసార్లు రాసి ఉంటాడు. 17లో ఆ రెండూ అలాగే పడతాయి, ఫైలు దొరకదు. కొటేషన్‌ని బ్యాక్‌స్లాష్‌తో తప్పించే పీహెచ్‌పీ కోడ్ అయితే ఇంకా ఘోరం, అది సెక్యూరిటీ రంధ్రం కూడా. అలాగే 9.0 నుంచి బైటియా కాలమ్స్ (ఫోటోల లాంటి బైనరీ డేటా ఉండేవి) హెక్స్ రూపంలో బయటకొస్తాయి. పాత డ్రైవరు దాన్ని చదవలేక ఫోటోల బదులు చెత్త చూపిస్తుంది. ఈ రెండింటికీ పాత పద్ధతికి మళ్లించే సెట్టింగులు 17లో ఉన్నాయి. వాటిని సర్వర్ మొత్తానికి పెట్టకుండా, ఆ పాత అప్లికేషన్ వాడే యూజర్‌కి మాత్రమే ఆల్టర్ రోల్‌తో పెట్టండి. కొత్తగా రాసే కోడ్‌కి ఆ జబ్బు అంటకూడదు.

తూకాలు, ఫ్రైట్ లెక్కలు ఫ్లోట్ కాలమ్స్‌లో ఉంటే ఇంకో వింత చూస్తారు. 12 నుంచి పోస్ట్‌గ్రెస్ ఫ్లోట్ విలువని పూర్తి ఖచ్చితత్వంతో చూపిస్తుంది. నిన్నటిదాకా వేబ్రిడ్జి రిపోర్టులో 1250.3 అని వచ్చిన మొత్తం రేపు 1250.3000000000002 అని రావచ్చు. లెక్క తప్పలేదు, ఇన్నాళ్లూ దాన్ని గుండ్రంగా చూపించారంతే. కానీ ఎగుమతిదారుకి పంపే కాగితం మీద అలా కనిపిస్తే ఫోన్లు మోగుతాయి. ఆ కాలమ్స్‌ని న్యూమెరిక్ చేయడం సరైన పద్ధతి. రిపోర్టులో రౌండ్ చేయడం తాత్కాలికం.

ఆర్డర్ బై లేకుండా రాసిన రిపోర్టులు కూడా ఇప్పుడే దొరుకుతాయి. పాతదాంట్లో అదృష్టం కొద్దీ ఒక వరుసలో వస్తున్నవి కొత్తదాంట్లో వేరేలా వస్తాయి. "సీరియల్ నంబర్లు కలిసిపోయాయి" అని వచ్చే ఫిర్యాదుల్లో సగం దీనివల్లే. ఇక స్టోర్డ్ ఫంక్షన్లలో వేరియబుల్ పేరు, కాలమ్ పేరు ఒకటే అయితే 8.4 వేరియబుల్‌నే తీసుకుని పనిచేసేది. 9.0 నుంచి యాంబిగ్యుయస్ అని ఎర్రర్ ఇస్తుంది, అదీ ఆ లైను నడిచినప్పుడే. నెలాఖరుకి ఒక్కసారి నడిచే ఫంక్షన్ అయితే నెలాఖరు రాత్రే తెలుస్తుంది. పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ చెక్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టి ఫంక్షన్లన్నీ ముందే తనిఖీ చేయించండి.

బిల్ ఆఫ్ ఎంట్రీలు, షిప్పింగ్ బిల్లుల స్కాన్ కాపీలు డేటాబేస్‌లోనే లార్జ్ ఆబ్జెక్టులుగా (పెద్ద ఫైళ్లని విడిగా దాచే పద్ధతి) ఉన్నాయా? మీ 140 జీబీలో ఎక్కువ భాగం అవే అయి ఉంటాయని నా అనుమానం. 8.4లో లార్జ్ ఆబ్జెక్టులకి ఓనర్, పర్మిషన్ అన్నవే లేవు. 9.0లో వచ్చాయి. రిస్టోర్ మీరు పోస్ట్‌గ్రెస్ యూజర్‌తో చేస్తే అవన్నీ ఆ యూజర్ ఆస్తి అయిపోతాయి. అప్లికేషన్ ఒక్క స్కాన్ కూడా తెరవలేదు. ఓనర్ మార్చే స్క్రిప్టు సిద్ధంగా ఉంచుకోండి. ఎల్ఓ కంపాట్ ప్రివిలెజెస్ అనే సెట్టింగు ఉన్నా, నేనైతే ఓనర్ మార్చడానికే మొగ్గుతాను. ఇంకోటి, 14 డంప్‌లో లార్జ్ ఆబ్జెక్టుల డేటా అంతా ఒకే ముక్కగా ఉంటుంది. రిస్టోర్‌కి ఎనిమిది జాబ్‌లు ఇచ్చినా ఆ ముక్క ఒకే దారిలో నడుస్తుంది. మీ రాత్రి ఎంత పొడుగు అన్నది టేబుళ్ల కన్నా ఎక్కువగా దానిమీదే ఆధారపడొచ్చు. కొలిచి చూడండి.

డ్రైవరు విషయంలో నాది ఒకటే పట్టుదల: డేటాబేస్ మార్చే రోజు డ్రైవరు మార్చకండి. 14 నుంచి పాస్‌వర్డ్‌లకి స్క్రామ్ పద్ధతి డిఫాల్ట్ అయింది. పాత జేడీబీసీ జార్ (జావా అప్లికేషన్‌ని డేటాబేస్‌తో కలిపే డ్రైవరు ఫైలు) దాన్ని చూసి అథెంటికేషన్ టైప్ 10 సపోర్ట్ లేదని మొరాయిస్తుంది. కొత్త జార్‌కి జావా 8 కావాలి, మీది జావా 6. జావా మారిస్తే టామ్‌క్యాట్, టామ్‌క్యాట్ మారిస్తే ఇంకేదో. అందుకని ముక్కలు చేయండి. ఆ డ్రైవరు 42.2 సిరీస్‌లో జావా 6, 7 కోసం విడిగా తయారుచేసిన జార్లు ఉన్నాయి, అవి 8.4తో కూడా మాట్లాడతాయి. అందులో ఒకటి ఇప్పుడే, పాత డేటాబేస్ మీదే, లైవ్‌లో పెట్టి రెండు మూడు వారాలు నడవనివ్వండి. 17లో మొదట పాత ఎండీ5 పద్ధతి పాస్‌వర్డ్‌లతోనే వెళ్లండి, ఆఫీసు లోపలి నెట్‌వర్కే కదా. గ్లోబల్స్ డంప్‌లో వచ్చే పాస్‌వర్డ్‌లు కూడా ఎండీ5వే. జావా మార్చిన తర్వాత స్క్రామ్‌కి మారొచ్చు. ఎండీ5ని 18లో వదిలించుకోవాల్సిన జాబితాలో పెట్టారు, కాబట్టి దాన్ని శాశ్వతం చేసుకోవద్దు. ఏదైనా పాడైతే ఏది మార్చినందుకు పాడైందో తెలియాలి, అంతే నా బాధ.

అప్లికేషన్ గురించి మీరు చెప్పారు, బాగుంది. కానీ ఆ డేటాబేస్‌ని ఇంకెవరెవరు ముట్టుకుంటున్నారో మీకు తెలుసా? సర్వర్‌లో లాగ్ కనెక్షన్స్ ఆన్ చేసి ఒక పూర్తి నెల ఉంచండి. దీనికి రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ చాలు. నెల ఎందుకంటే, జీఎస్‌టీఆర్-1కి 11వ తేదీ, 3బీకి 20వ తేదీ దగ్గర పడ్డప్పుడు మాత్రమే లేచే ప్రాణులుంటాయి. ద్వారకానగర్‌లో కూర్చున్న అకౌంటెంటు ఎక్సెల్‌లోంచి ఓడీబీసీ మీద నేరుగా లాగుకుంటూ ఉంటారు, ఆ సంగతి ఆఫీసులో ఒక్కరికి కూడా గుర్తుండదు. పోర్టు దగ్గర బ్రాంచిలో ఎవరి డెస్క్ కిందో ఉన్న పీసీ రాత్రి రెండింటికి ఏదో స్క్రిప్టు నడుపుతూ ఉంటుంది. ఆ లాగ్‌లో కనిపించిన ప్రతి ఐపీకీ ఒక మనిషి పేరు రాసుకోండి. పేరు దొరకని ఐపీ మిగిలితే కటోవర్ తేదీ ప్రకటించకండి. మీ సొంత మానిటరింగ్ స్క్రిప్టులు కూడా చూసుకోండి, పీజీ స్టాట్ యాక్టివిటీలో ప్రాక్‌పిడ్ అన్న కాలమ్ 9.2లో పిడ్‌గా మారింది.

తేదీ గురించి. 20వ తేదీ దాటాక, నెలాఖరుకి ముందు వచ్చే శనివారం చూడండి. మార్చి వద్దు, అది చెప్పక్కర్లేదు. అక్టోబరు, నవంబరు కూడా నేను పెట్టుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో గుర్తున్న వాళ్లు ఆ నెలల్లో కొత్త సర్వర్ ముహూర్తం పెట్టరు. సంక్రాంతికి ఆఫీసు ఖాళీగా ఉంటుంది కదా అని సారు అనొచ్చు. ఖాళీగా ఉండటమే ఇబ్బంది. పని జరిగిందో లేదో చెప్పాల్సింది ఆపరేటర్లు, వాళ్లంతా ఊళ్లలో ఉంటారు. జనవరి 17న అందరూ ఒకేసారి వచ్చి లాగిన్ అయ్యాక తప్పులు తేలితే మీ పండగ అప్పుడు మొదలవుతుంది.

తేదీకి ముందు కనీసం రెండు పూర్తి రిహార్సల్స్, అసలు మిషన్ మీద, అసలు సైజు డేటాతో. డంప్‌కి ఎంత, రిస్టోర్‌కి ఎంత, ఇండెక్సులకి ఎంత, ఎనలైజ్‌కి ఎంత అని విడివిడిగా టైం రాసుకోండి. మొత్తం మీద సగం ఎక్కువ కలుపుకుని అది ఆదివారం మధ్యాహ్నానికి పూర్తయ్యేలా ఉంటేనే ముందుకెళ్లండి. అప్లికేషన్ ఆపేసి ఉంటారు కాబట్టి ఆ రాత్రి డంప్‌కి కూడా జాబ్‌లు పెంచొచ్చు. 9.2కి ముందు సర్వర్లకి సింక్రనైజ్డ్ స్నాప్‌షాట్లు లేవు, ఆ ఆప్షన్ వద్దని పీజీ డంప్‌కి విడిగా చెప్పాలి. డేటా కదులుతుండగా మాత్రం అలా తీయకూడదు, టేబుల్‌కీ టేబుల్‌కీ పొంతన ఉండదు. రిస్టోర్ వేగానికి మెయింటెనెన్స్ వర్క్ మెమ్, మ్యాక్స్ వాల్ సైజ్ పెంచుకోండి, తర్వాత మళ్లీ మామూలుకి తెచ్చేయండి. యూపీఎస్ బ్యాటరీలు ఆ వారమే పరీక్షించండి, జనరేటర్‌లో డీజిల్ చూసుకోండి. ఐస్‌గేట్ (కస్టమ్స్ ఆన్‌లైన్ పోర్టల్) ఫైలింగులు ఆ రాత్రి ఎవరికైనా అర్జెంటుగా ఉంటే ఏం చేయాలో ఆపరేషన్స్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి, ఓడ మీ సర్వర్ కోసం ఆగదు కదా.

వెనక్కి వచ్చే దారి. ఇది సారు సంతకంతో కాగితం మీద ఉండాలని నేను పట్టుబడతాను. కొత్తదాంట్లో ఆపరేటర్లు ఒక్క జాబ్ ఎంటర్ చేశారంటే, ఆ తర్వాత పాతదానికి వెళ్లడం అంటే ఆ ఎంట్రీలు పోగొట్టుకోవడమో, చేత్తో మళ్లీ కొట్టుకోవడమో. 17 నుంచి 8.4కి డేటా వెనక్కి పంపే సులువైన మార్గం లేదు. కాబట్టి ఆదివారం సాయంత్రం నాలుగు అనుకోండి, అప్పటిదాకా టెస్ట్ చేసే నలుగురైదుగురే లాగిన్ అవుతారు. నాలుగింటికి ఒక మనిషి, ఒక్కరే, "వెళ్దాం" అనో "వెనక్కి" అనో చెప్పాలి. ఆ మనిషి మీరు కాకపోతే మంచిది. రాత్రంతా మేలుకున్న వాడికి ఇంకో గంట చూస్తే సరిపోతుందనే అనిపిస్తుంది. పాతదాన్ని ఆపేయకండి, ఎవరు లాగిన్ అవ్వొచ్చో రాసే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో అందరినీ రిజెక్ట్ చేసి చదవడానికి మీకొక్కరికే ఉంచుకోండి. రెండు చోట్లా ఎంట్రీలు పడటం అన్నిటికన్నా పెద్ద పీడకల. డంప్ కాపీ ఒకటి ఊరి బయట, హైదరాబాద్‌లోనో క్లౌడ్‌లోనో పెట్టండి. జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కల రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, కాబట్టి పాత కాపీ పారేసే తొందర కూడా లేదు.

సోమవారం పొద్దున రెండు విషయాలు గ్యారంటీగా వస్తాయి. "స్లోగా ఉంది" అన్నది మొదటిది. రిస్టోర్ తర్వాత ఎనలైజ్ నడపకపోతే ప్లానర్‌కి (క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే భాగానికి) టేబుళ్లలో డేటా ఎలా పరుచుకుని ఉందో తెలియదు. వ్యాక్యూమ్‌డీబీని ఎనలైజ్ ఇన్ స్టేజెస్ ఆప్షన్‌తో ఆదివారమే నడపండి. అప్పటికీ ఒకటి రెండు రిపోర్టులు నెమ్మదిగా ఉంటే వాటిలో విత్ క్లాజ్ ఉందేమో చూడండి, 12 నుంచి దాన్ని ప్లానర్ లోపలికి కలిపేసి వేరేలా నడుపుతుంది. మెటీరియలైజ్డ్ అన్న మాట చేరిస్తే పాత నడక వస్తుంది. రెండోది, పబ్లిక్ స్కీమా మీద పర్మిషన్ డినైడ్. 15 నుంచి అందరికీ అక్కడ టేబుల్ సృష్టించే హక్కు తీసేశారు. మీ పాత అప్లికేషన్ రిపోర్టుల కోసం వర్క్ టేబుళ్లు అక్కడే కట్టి పడేస్తూ ఉంటుంది. ఆ యూజర్‌కి గ్రాంట్ ఇస్తే అయిపోతుంది, కానీ సోమవారం తొమ్మిదిన్నరకి తెలుసుకునే కన్నా రిహార్సల్లో తెలుసుకుంటే టెన్షన్ తక్కువ.

మొత్తం ఎన్నాళ్లు పడుతుందని సారు అడుగుతారు. మీరొక్కరే, మిగతా పనులతో పాటు చూసుకుంటుంటే మూడు నెలలు అడగండి. అందులో ఎక్కువ భాగం ఎన్‌కోడింగ్ శుభ్రం చేయడానికి, ఎవరెవరు కనెక్ట్ అవుతున్నారో నెల రోజులు చూడటానికే పోతుంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయితే రెండు నెలల్లో తేలిపోవచ్చు.

ముందు ఆ షో సర్వర్ ఎన్‌కోడింగ్ ఏమని చెప్పిందో, లార్జ్ ఆబ్జెక్టుల టేబుల్ సైజు ఎంతో ఇక్కడ పెట్టండి. దాంతో పాటు మొదటి రిస్టోర్ లాగ్‌లో పైనున్న ఓ యాభై ఎర్రర్ లైన్లు కూడా, క్లయింట్ల పేర్లు తీసేసి.